టోపీ తీసేసిన కొండ

మెదెర్‌బెక్ మా మెట్లదారిలోనే మూడో అంతస్తులో ఉంటాడు. నరిన్ పట్నంలో అతణ్ణి ఎరగని ఇల్లు లేదు. కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకుపోయే ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. భుజాన వేలాడే తోలుసంచిలో ఒక అరలో మీటర్ల పుస్తకం, ఇంకో అరలో కెమెరా. ఆ రెండో అర సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. మొదటి అర సరిగ్గా ఉన్నంత కాలం రెండో దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మా ఊరు నదిని పట్టుకుని సాగిపోయిన ఊరు. పొడుగునా నడిస్తే చెప్పులరిగిపోతాయి, అడ్డంగా నడిస్తే పది నిమిషాల్లో కొండకు ముక్కు తగులుతుంది. మెదెర్‌బెక్ దాన్ని పొడుగునా నడుస్తాడు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతాడు. బొగ్గుకుప్ప మీద పడ్డ తొలిమంచు, గ్యారేజీ రేకుల మీద తెల్లగా ఆరబోసిన పెరుగుండలు, ఎదురెదురు ఇళ్ల బాల్కనీల మధ్య గాలికి ఊగే దుప్పట్లు, బస్టాండులో ఇంజను వేసి ఉంచిన మినీబస్సుల పొగలోంచి దిగే పొద్దుటి ఎండ, ఇవన్నీ అతను తీసినవే. మనుషుల్ని మాత్రం తియ్యడు. తియ్యకూడదని కాదు. కెమెరా ఎత్తగానే ఎదుటివాళ్లు కోటు బొత్తాలు పెట్టుకుంటారు, "ఉండుండు, పిల్లల్ని పిలుస్తా" అంటారు. పిల్లలతో పాటు మేనత్త కూడా వస్తుంది. అందరూ బడి ఫోటోలోలాగా బిగుసుకుని నిలబడేసరికి వెలుగు కాస్తా వెళ్లిపోతుంది.

వెలుగు పోవడానికి ఇంకో కారణం రొట్టె. ఏ గుమ్మం తొక్కినా రొట్టె ముక్క నోట్లో వేసుకోకుండా వెనక్కి తిరగనివ్వరు కదా. మీటరు చూడటానికి రెండు నిమిషాలు, రొట్టెకు పదిహేను. "తుంచు, తుంచి వెళ్లు, ఉత్త నోటితో వెళ్తావా మా ఇంట్లోంచి?" అంటూ చెయ్యి పట్టుకుంటారు. అతను నోట్లో రొట్టె, చంకలో పుస్తకంతో పరుగెత్తుకుంటూ వీధిలోకి వచ్చేసరికి అంతకుముందు గోడ మీద ఉన్న నీడ గోడ దాటి పోయి ఉంటుంది. "నా మంచి ఫోటోలన్నీ ఈ ఊరి ఆడవాళ్లు తినిపించేశారు" అని నవ్వుతాడు.

ఆదివారాలు మాత్రం అతనివి. తెల్లవారుజామున లేచి నది వెంట పైకి, చివరి ఇళ్లు దాటిన మలుపు దాకా నడుస్తాడు. ఊళ్లో ఇంకెక్కణ్ణుంచీ కనపడని కొండ ఒకటి అక్కణ్ణుంచి కనపడుతుంది. దాన్ని ఈ చుట్టుపక్కల అందరూ ముసలాయన అంటారు. ఆ ముసలాయనను మెదెర్‌బెక్ ఎన్నిసార్లు తీశాడో అతనికే తెలీదు.

ఆ ఫోటోలకు ప్రపంచంలో ఒకే ఒక్క ప్రేక్షకురాలు ఉంది, వాళ్లమ్మ. మేమందరం ఆవిణ్ణి ఉల్కాన్ అపా అంటాం, అపా అంటే అమ్మ, పెద్దావిడ. డెబ్భై ఎనిమిదేళ్లు. నలభై ఎండాకాలాలు పై మేతల్లో గొర్రెల వెంట గడిపింది. ఎనిమిదేళ్ల కింద గుర్రం మీంచి పడి తుంటి విరిగాక కొడుకు ఇంటికి దిగివచ్చింది. అప్పటినుంచి మూడో అంతస్తే ఆవిడకు లోకం. కిటికీ తీస్తే ఎదుటి భవనం గోడ, దాని మీద మూడు బట్టల తాళ్లు. అంతే.

ఆదివారం మధ్యాహ్నం అన్నాల తర్వాత మెదెర్‌బెక్ ఫోటోలను టీవీలో పెడతాడు. అపా నేల మీద పరుపు పరుచుకుని, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని, టీవీకి మూరెడు దూరంలో కూర్చుంటుంది. ఊరి ఫోటోలు వస్తే చెయ్యి ఊపుతుంది, పోనీ పోనీ అని. కొండ రాగానే ఆపమంటుంది.

"పెద్దది చెయ్యి. ఇంకా. ఆ ఎడమ గట్టు. ఊఁ. ఎవరి గొర్రెలురా ఇవి, వేళ్లతో సహా పీకేశాయి?"

"అపా, గట్టు వదిలెయ్. ఆ వెలుగు చూడు, పై నుంచి ఎలా జారుతోందో."

"గొర్రెలు వెలుగు తింటాయా?"

"నేను దాని కోసం నాలుగింటికి లేచాను."

"అవునపా," అని వంటింట్లోంచి కోడలు తుర్సునై అందుకుంటుంది. "వెలుగు కోసం లేస్తారు. పాలు పొంగుతున్నాయంటే మాత్రం లేవరు."

ఇలా ఆవిడ ఫోటోలు చూడదు, చదువుతుంది. గడ్డి పసుపు తిరిగిందా, వాగులో నీళ్లు తగ్గాయా, నీడపట్టున పాత మంచు ఇంకా ఉందా? ముఖ్యంగా ముసలాయన నెత్తిన ఏముంది? ఆ శిఖరం మీద మబ్బు కూర్చుంటే, ముసలాయన టోపీ పెట్టుకున్నాడు అంటారు. సెప్టెంబరులో ఆ టోపీ నెత్తి మీంచి కనుబొమల దాకా, కనుబొమల మీంచి చెవుల దాకా దిగిందంటే ఇక రోజుల్లో కనుమ మూసుకుపోతుందని అపా లెక్క. నలభై ఏళ్లలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదంటారు. ఆవిడ అనదు, జనం అంటారు.

ఈ చదువంతా పెద్దకొడుకు కోసం. జుమాదిల్ ఇప్పటికీ గొర్రెల కాపరే. మెదెర్‌బెక్‌కు బైకె, అంటే అన్న. తనవీ ఊళ్లోవాళ్లవీ కలిపి నాలుగు వందల గొర్రెలను తోలుకుని ఏటా కనుమ దాటి పై మేతలకు వెళ్తాడు. అక్కడ ఫోను పలకదు. గుడారానికి అరగంట దూరంలో ఒక గుట్ట ఉంది, దాని మీద నిలబడితే మాట అందుతుంది. బుధవారం, ఆదివారం సాయంత్రం ఆరింటికి అతను గుట్టెక్కుతాడు, అపా ఫోను చెవికి పెట్టుకుంటుంది. ఎప్పుడు మేత మార్చాలి, ఎప్పుడు దిగాలి అన్నది ఆవిడే చెప్తుంది. అతనికి యాభై మూడేళ్లు. జుట్టు నెరిసింది. ఒక్కనాడు కూడా ఎదురు చెప్పలేదు.

పోయిన సంవత్సరం సెప్టెంబరులో గ్రంథాలయం హాల్లో ఫోటోల ప్రదర్శన పెడతామన్నారు. జిల్లాలో ఫోటోలు తీసే ఔత్సాహికులకు మనిషికొక గోడ. మెదెర్‌బెక్‌కు ఇది మొదటి గోడ. ఎనిమిది ఫోటోలు ఇవ్వాలి. ఏడు ఊరి బొమ్మలు వెంటనే కుదిరాయి. ఎనిమిదోది మధ్యలో పెద్దగా పెట్టడానికి ముసలాయనది కావాలి, అదీ ఈ శరదృతువుది, గడ్డి బంగారం రంగులోకి తిరిగాక తీసినది.

మొదటి ఆదివారం వెళ్లాడు. గడ్డి బంగారమే, ముసలాయన నెత్తి మీద మబ్బు. రెండో ఆదివారం వెళ్లాడు. మబ్బు ఇంకాస్త కిందికి దిగింది. ఒకటి పట్టుకెళ్లి చూపిస్తే గ్రంథాలయం ఆవిడ కళ్లజోడు పైకి నెట్టి చూసింది.

"మెదెర్‌బెక్, దీనికి తలేది? తల లేని కొండను మధ్యలో ఎలా తగిలిస్తాం?"

ఆ రెండు వారాలూ అతను ఇంట్లో టీవీలో ముసలాయనను పెట్టలేదు. అపా అడిగింది. "బాగా రాలేదపా" అన్నాడు. నాలుగు బాల్కనీలు చూపించాడు. ఆవిడ చెయ్యి ఊపింది. గుట్ట మీంచి జుమాదిల్ ఫోను చేసి, బుధవారం దిగనా, ఇంకో వారం ఉండనా అని అడుగుతున్నాడు. ముసలాయనను చూసి చెప్తానని అపా అంటోంది. ఈ మాటలన్నీ ఆ ఇంట్లోనే జరిగాయి. మెదెర్‌బెక్ అద్దాలు బిగించిన బాల్కనీలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. చెవులు ఉన్నాయి, కానీ ఆ రోజుల్లో అతనికి కళ్లు మాత్రమే పనిచేశాయి.

మూడో ఆదివారం చలి కోస్తుండగా వెళ్లి, తొమ్మిదింటి దాకా రాతి మీద కూర్చున్నాడు. మబ్బు చెవుల దాకా దిగింది. కదల్లేదు. ప్రదర్శనకు ఫోటోలు ఆ సాయంత్రానికే ఇవ్వాలి.

ఇంటికొచ్చి ఆగస్టులో తీసిన ఫోటో ఒకటి తెరిచాడు. అందులో శిఖరం కడిగిన గిన్నెలా మెరుస్తోంది. దాన్ని జాగ్రత్తగా కత్తిరించి, ఆ పొద్దున తీసిన కొండ భుజాల మీద పెట్టాడు. రంగు కలిపాడు, నీడ సరిచేశాడు. రెండు గంటలు పట్టింది. అతుకు ఎక్కడుందో తనకే కనపడలేదు. అంత చక్కటి ఫోటో తన జన్మలో తియ్యలేదని అతనికి అనిపించింది, తీసింది కాదన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

అన్నాలయ్యాక టీవీలో పెట్టాడు. ఈసారి మాత్రం అపా నోట గడ్డి మాట కాక మరో మాట వినాలని ఆశ. ఆవిడ ముందుకు వంగింది. చాలాసేపు చూసింది. వేలితో తెర మీద శిఖరాన్ని తడిమింది.

"ఇవాళ ముసలాయన ముఖం కడుక్కున్నాడు" అంది.

మెదెర్‌బెక్‌కు కడుపు నిండిపోయింది. మెచ్చుకుందనుకున్నాడు. ఫోటోను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఎదురొచ్చిన నాకు కూడా ఆ మాట చెప్పి, గ్రంథాలయానికి వెళ్లిపోయాడు. ఆరింటికి ఇంట్లో ఫోను మోగినప్పుడు అతను అక్కడ చట్రాలు బిగిస్తున్నాడు.

సోమవారం సాయంత్రం టీ తాగుతుండగా తుర్సునై మాటల్లో మాటగా అంది.

"బైకె ఇంకో వారం అక్కడే ఉంటున్నాడు. అపా ఉండమంది. గడ్డి బాగుందట, ఇంకాస్త కొవ్వు పట్టనీ అంది."

"ఎందుకుండమంది?"

"ఎందుకేంటి, మీరు చూపించారుగా. ముసలాయన నెత్తి శుభ్రంగా ఉందిగా."

టీ గిన్నె కింద పెట్టేశాడట. అన్న నంబరు కొట్టాడు. పలకలేదు. పలకదని తెలుసు, బుధవారం సాయంత్రం దాకా గుట్ట మీద ఎవరూ ఉండరు. మళ్లీ కొట్టాడు. తర్వాత లేచి అపా గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

"అపా, నిన్నటి ఫోటో నిజం కాదు."

"ఫోటో నిజం కాకపోవడమేంటి?"

"కింద కొండ నిన్నటిదే. తల ఆగస్టుది."

ఆవిడకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చేతిలో ఊలు దారం పక్కన పెట్టింది.

"ఆగస్టు తల తెచ్చి సెప్టెంబరు ఒంటికి కుట్టావా?"

"గోడ కోసం అపా. ప్రదర్శన కోసం."

"దర్జీ పని నేర్చుకున్నావన్నమాట. మరి ఈ నెల తల ఏం చేశావ్? పారేశావా?"

పారెయ్యలేదు. మూడు ఆదివారాలవీ ఉన్నాయి. టీవీ పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అపా ఒక్కొక్కదాన్నీ చూస్తూ తన నుదుటి మీద వేలు పెట్టింది. మొదటిదానికి పాపిట దగ్గర, రెండోదానికి కనుబొమ దగ్గర. మూడోది చూసి వేలు చెవి దాకా తెచ్చి అక్కడే ఆపేసింది. తుర్సునై గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"రేపు మధ్యాహ్నం మంచు పడుతుంది," అంది అపా. "మహా అయితే సాయంత్రం. పడ్డాక ఆ కనుమ మళ్లీ వేసవి దాకా తెరుచుకోదు. అవతల నాలుగు వందల గొర్రెలకు పది రోజుల గడ్డి కూడా లేదు. వాడొక్కడే ఉన్నాడు. భార్య పిల్లల బడి కోసం ముందే దిగివచ్చేసింది."

"నేను వెళ్తానపా. తెల్లవారకముందే బయల్దేరతా."

"వెళ్లక?"

ఆవిడ అరవలేదు. అరిస్తే బావుండేదని తర్వాత మెదెర్‌బెక్ నాతో అన్నాడు. మళ్లీ ఊలు చేతిలోకి తీసుకుని, దారం కొస కనపడక వెతుక్కుంటూ, "ఎనిమిదేళ్లుగా నీ పెట్టెలోంచే చూస్తున్నానురా నేను" అంది. అంతే.

మంగళవారం తెల్లవారగానే నా పాత నీవా కారులో ఇద్దరం బయల్దేరాం. బండి దారి చివర బాత్మా అనే ఆవిడ ఇల్లుంది. చలికాలం గొర్రెల కొట్టాలన్నీ అక్కడే, ఆవిడే కాపలా. నేను కారుతో అక్కడ ఆగాలి, అతను ఆవిడ గుర్రం తీసుకుని కనుమ ఎక్కాలి. ఆకాశం అప్పటికి నీలంగానే ఉంది. అందుకే నాకు కొంచెం అనుమానం కూడా వచ్చింది, ముసలావిడ లెక్క ఈసారి తప్పిందేమో అని.

బాత్మా గుర్రానికి జీను బిగిస్తూనే, "రొట్టె తుంచు" అంది.

"అక్కా, వచ్చాక తుంచుతా. ఆలస్యమవుతోంది" అంటూ మెదెర్‌బెక్ గుర్రమెక్కేశాడు.

"ఉత్త నోటితో కనుమ ఎక్కుతావా? నా గుర్రం మీద? దిగు."

దిగలేదు. ఆవిడే రొట్టె తెచ్చి గుర్రం పక్కన నిలబడి పైకి చాపింది. అతను వంగి నోటితోనే తుంచుకున్నాడు. "మీటర్లాయనా, ఈసారి నా మీటరు చూడటానికి వచ్చినప్పుడు కూర్చోకుండా వెళ్లావో చూడు!" అని ఆవిడ వెనకనుంచి అరిచింది.

పైన ఏం జరిగిందో నేను చూడలేదు. అన్నదమ్ములిద్దరూ వేర్వేరుగా చెప్పింది కలుపుకున్నాను. మెదెర్‌బెక్ కనుమ దాటి మేతలోకి దిగేసరికి పదకొండు దాటింది. జుమాదిల్ గుడారం ముందు కూర్చుని జీను తోలు కుడుతున్నాడు. తమ్ముణ్ణి చూసి లేవకుండానే నవ్వాడు.

"ఏంట్రా, ఇక్కడ మీటరు లేదే! బిల్లు ఎవరికిద్దామని ఇంత దూరం వచ్చావ్?"

"బైకె, దిగాలి. ఇప్పుడే."

"వచ్చే వారం. అపా చెప్పింది."

"అపాకు నేను చూపించిన ఫోటో అబద్ధం. టోపీ నేను తీసేశాను. ఆగస్టు తల పెట్టాను."

జుమాదిల్ మొహంలో నవ్వు పోలేదు, ఉన్నచోటే నిలిచిపోయింది. తల తిప్పి ముసలాయన ఉండాల్సిన వైపు చూశాడు. అక్కడ కొండ లేదు, నడుము దాకా బూడిద రంగు.

"ఆదివారం పొద్దున నేను చూశానురా, చెవుల దాకా ఉంది," అన్నాడు. "సాయంత్రానికే దిగుదామని గుర్రానికి జీను కూడా వేశాను. గుట్టెక్కి ఫోను చేస్తే, ముసలాయన ముఖం కడుక్కున్నాడు, ఉండు అంది. జీను తీసేశాను."

"నీ కళ్లతో చూసి కూడానా?"

"అపా లేదంది. అపా లేదంటే నా కళ్లే మసకబారాయేమోననుకున్నాను. వయసు కూడా వచ్చింది కదా." లేచి తోలుముక్క విసిరికొట్టాడు. "నువ్వయితే ఏం చేసేవాడివి?"

మెదెర్‌బెక్ గుర్రం పగ్గం అందుకున్నాడు.

గుడారం విప్పే సమయం లేదు. పొయ్యి, పరుపులు, పాలగిన్నెలు ఎక్కడివక్కడే వదిలేశారు. జుమాదిల్ వెనక నుంచి తోలుతున్నాడు, కుక్క పక్కల కాస్తోంది. ముందు ఎవరో ఒకరు నడవాలి, ముందు నడిచే కాళ్లు కనపడకపోతే గొర్రెలు కదలవు. కనుమ పాదం దగ్గరే మొదటి మంచు రేకులు పడ్డాయి. సగం ఎక్కేసరికి ఎదర దారి లేదు. మెదెర్‌బెక్ గుర్రం దిగి, పగ్గం పట్టుకుని, బూటుతో మంచు తొక్కుతూ దారి చేశాడు. వెనకాల అన్న గొంతు ఒక్కటే వినపడుతోంది.

"ఆగకు! నువ్వాగితే ఇవి ఆగుతాయి! ఆగితే పడుకుంటాయి!"

"కనపడట్లేదు బైకె!"

"కనపడాల్సిన పని లేదు, నడువు! ఎడమకు పోకు, ఎడమ పక్క లోయ!"

ఎడమకు పోయినవి కొన్ని ఉన్నాయి. ఆరు. జారిన చప్పుడు కూడా రాలేదట. వెనక్కి తిరిగి చూడొద్దని జుమాదిల్ అరిచాడు. మెదెర్‌బెక్ తిరగలేదు.

నేను బాత్మా ఇంటి అరుగు మీద నిలబడ్డాను. రెండింటికి నా కారు కనపడటం మానేసింది. మూడున్నరకు బాత్మా టీ పోస్తూ పోస్తూ ఆగింది. "కుక్క" అంది. నాకేమీ వినపడలేదు. కాసేపటికి తెల్లదనంలోంచి కుక్క వచ్చింది, దాని వెనక మోకాలిలోతు మంచులో గుర్రాన్ని నడిపించుకుంటూ ఒక మనిషి. కనుబొమలు గడ్డకట్టాయి. కోటు లోపల ఆలస్యంగా పుట్టిన గొర్రెపిల్లొకటి తల బయటపెట్టి ఉంది. ఆ పిల్ల మెడ చుట్టూ చిక్కుకుని కెమెరా పట్టీ వేలాడుతోంది. కెమెరా కూడా తెచ్చావా అని నేను తర్వాత అడిగితే, అలవాటు కొద్దీ వేసుకొచ్చాను, ఒక్కటి కూడా తియ్యలేదు అన్నాడు. అతని వెనక గొర్రెలు వస్తూనే ఉన్నాయి, మెత్తని చప్పుడుతో. చాలాసేపు వచ్చాయి. చివర జుమాదిల్.

కొట్టాల్లోకి తోలాక జుమాదిల్ లోపలికి వచ్చి నాలుగు గిన్నెల జావ తాగాడు. అయిదో గిన్నె పట్టుకుని ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఆగస్టు తల! ఒరేయ్, ఆగస్టు తలట!" కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. బాత్మా కూడా ఏంటో తెలియకుండానే నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, బయట గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు. లోయలోకి జారిన ఆ ఆరు గొర్రెల్లో నాలుగు అతనివి కావు. ఊళ్లో ఎవరెవరి గుమ్మాల్లో నిలబడాలో అతనికి తెలుసు. మెదెర్‌బెక్ కూడా ఆ గుమ్మాలకు అన్న పక్కన వెళ్లాడు. ప్రతి గుమ్మంలోనూ ముందు తనే నోరు తెరిచి, తప్పు నాది అన్నాడు.

శుక్రవారం అన్నదమ్ములు అపా ముందు కూర్చున్నారు. నేనూ ఉన్నాను, నన్ను వెళ్లమనలేదు. తుర్సునై మాంసం ఉడికించి పెట్టింది. పెద్దవాళ్లకు గౌరవంగా ఇచ్చే గొర్రె తలను జుమాదిల్ ముందుకు జరిపింది అపా. తర్వాత అడిగింది.

"నీకు టోపీ కనపడిందా?"

"కనపడిందపా."

"ఎంత దాకా?"

జుమాదిల్ చెవి ముట్టుకున్నాడు.

"మరెందుకు దిగలేదు?"

"నువ్వుండమన్నావుగా."

మెదెర్‌బెక్ తల ఇంకా కిందికి దిగింది, తిట్లు ఇప్పుడొస్తాయని. ఆవిడ అతని వైపు చూడనే లేదు. పెద్దకొడుకు వైపే చూస్తోంది, ఆ నెరిసిన గడ్డం, చలికి పగిలిన పెదవులు, అన్నీ కొత్తగా చూస్తున్నట్టు.

"వీడు ఒక్కసారి అబద్ధమాడాడు," అంది. "అది పట్టుబడింది, అయిపోయింది. నీకేం చేశానో నేను, అది చూసుకోలేదు. యాభై మూడేళ్లు వచ్చినా నీ కళ్లు నీకివ్వలేదు."

"అలా అనకపా."

"తిను. చల్లారుతోంది."

గ్రంథాలయం గోడ మీంచి మెదెర్‌బెక్ ఆ పెద్ద ఫోటోను అంతకు ముందు రోజే తీసుకొచ్చేశాడు. దాని చోట మూడు చిన్నవి పెట్టించాడు, మూడు ఆదివారాలవి. "తల లేనివి ఒకటి కాదు, మూడా!" అందట గ్రంథాలయం ఆవిడ. ప్రదర్శనకు వచ్చినవాళ్లు ఎక్కువగా బాల్కనీల ముందే ఆగారు, మా దుప్పటి కదా ఇది అనుకుంటూ. సంత రోజున మాత్రం పై మేతల నుంచి దిగిన ఇద్దరు కాపరులు చలి కాచుకోవడానికి హాల్లోకి వచ్చి, ఆ మూడింటి ముందు నిలబడ్డారు. రెండోదానికే నేను దిగిపోయాను అన్నాడొకడు. నీకెప్పుడూ భయమే అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. మెదెర్‌బెక్ స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాడు, ఫోటోలు తీసింది నేనే అని చెప్పలేదు.

మే నెలలో జుమాదిల్ మళ్లీ పై మేతలకు బయల్దేరాడు. పోయే ముందు అపా దీవెన తీసుకోవడానికి వచ్చాడు. టోపీ సర్దుకుని, మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు చాచాడు. అపా కూడా చేతులు చాచి, దారి తెల్లగా, అంటే క్షేమంగా ఉండాలని, మంద నిండుగా ఉండాలని ఎప్పుడూ చెప్పేవే చెప్పింది. దీవెన ముగిస్తూ అరచేతులతో ముఖం తడుముకోబోతూ ఆగి, "చూసింది నమ్ము" అని కలిపింది. అందరం ఓమీన్, అలాగే జరగాలి, అన్నాం.

అతను లేవలేదు.

"ఎప్పుడు దిగమంటావపా?"

"నన్నడగకు. గడ్డి నీ ముందుంటుంది, కొండ నీ ముందుంటుంది."

"సరే. అయినా ఫోను చేస్తా."

"చెయ్యి. నువ్వు చెప్పు, నేను వింటా."

మొదటి ఆదివారం ఆరింటికి ఫోను మోగినప్పుడు నేను వాళ్లింట్లోనే టీ తాగుతున్నాను. అపా స్పీకరు పెట్టింది. గాలి హోరులోంచి జుమాదిల్ గొంతు వచ్చింది. ముసలాయన నెత్తి ఖాళీగా ఉందని, తూర్పు గట్టు గడ్డి ఇంకా పొట్టిగా ఉందని, ఈ వారం కింది వాగు దగ్గరే ఉంచుతానని చెప్పాడు. నిర్ణయం అతనిదే, కానీ చివర గొంతు కొంచెం పైకి లేచి ఆగింది, ఎవరో ఔనంటారని ఎదురుచూస్తున్నట్టు.

అపా ఫోనును అరచేత్తో మూసింది. మెదెర్‌బెక్ వైపు వంగి గుసగుసగా, "నువ్వు పొద్దున వెళ్లావుగా, పెట్టు టీవీలో" అంది.

"అపా, బైకె చెప్తున్నాడుగా!"

"పెట్టమన్నానా! ఏం ముట్టుకోలేదుగా?"

"లేదపా."

పెట్టాడు. ఆవిడ ముందుకు వంగి శిఖరం చూసింది, తూర్పు గట్టు చూసింది, వాగు చూసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. తూర్పు గట్టు మీద ఏదో నచ్చలేదు, నాకు తెలిసిపోయింది. తుర్సునై కూడా చేతిలో పని ఆపి చూస్తోంది.

అపా ఫోను మీంచి చెయ్యి తీసింది.

"సరే బాబూ," అంది. "వాగు దగ్గరే ఉంచు."